ఫొటోలతో కట్టిన నేలని ఎంత నమ్మొచ్చు? గొలుసు నుంచి డ్రోన్ దాకా ఒక ప్రశ్న కథ

ఈ రోజు ఎపిసోడ్ ఒక ప్రశ్న చరిత్ర. "ఈ మ్యాప్ కరెక్టేనని ఎలా తెలుస్తుంది?" అన్న ప్రశ్న. వినడానికి చాలా చిన్నగా ఉంది కదా? దీనికి సరైన జవాబు కోసం మనుషులు రెండు వందల ఏళ్లకు పైగా కష్టపడ్డారు. నాకు మాత్రం ఈ ప్రశ్న ఒక ఎండిపోయిన చెరువులో ఎదురైంది. ముందు అది చెప్తాను.

వీడియోలు మొదలుపెట్టకముందు నేను ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. కంపెనీ పేరు వద్దు లెండి. డ్రోన్‌తో వందల ఫొటోలు తీసి, వాటి నుంచి నేల త్రీడీ మోడల్ తయారు చేసే పని. తెలంగాణలో ఒక ఊరి చెరువు, సుమారు 25 ఎకరాలు. పూడిక తీయాలి. తవ్వకముందు ఒక మోడల్, తవ్విన తర్వాత ఒక మోడల్, రెండింటి తేడా ఎంతో అంత మట్టి బయటికి వెళ్లినట్టు. కాంట్రాక్టర్‌కి డబ్బులు ఆ లెక్క మీదే.

మొదటి మోడల్ రెడీ అయింది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన రిపోర్టులో ఎర్రర్ 1.6 సెంటీమీటర్లు అని ఉంది. ఇరవై అంతస్తుల ఎత్తులో ఎగిరే డ్రోన్ నుంచి సెంటీమీటర్నర! నేను మామూలుగా ఆఫీసు దాటి బయటికి వెళ్లేవాడిని కాదు, ఆ రోజు మాత్రం ఉత్సాహంగా వెళ్లాను. కట్ట మీద చింతచెట్టు నీడలో లాప్‌టాప్ తెరిచి అక్కడున్నవాళ్లకి మోడల్ చూపిస్తున్నా. ఎత్తైన చోట ఎరుపు, పల్లంగా ఉన్న చోట నీలం. ఆ చెరువు నీరటి, అంటే తూము తీసి పొలాలకి నీళ్లు వదిలే పెద్దాయన, వెనక నుంచి తొంగి చూశాడు.

"సారూ, వానలు పడ్డంక నీళ్లు ముందుగాల నిలిచేది గా నడుమనే. మీ బొమ్మల గాడ గుట్ట లెక్క ఎర్రగ చూపెడ్తున్నదేంది?"

"అది సెంటీమీటర్ల తేడా కాకా, కంటికి కనిపించదు" అన్నాను, కాస్త గొప్పగానే.

"మన కంటికి కనిపియ్యకపోతే ఏంది సారూ, నీళ్లకు కనిపిస్తది గద" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పింది కరెక్టయితే 1.6 సెంటీమీటర్లు అన్న రిపోర్టు ఏమైనట్టు? దాని సంగతి తేలాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు ఒక బేసిక్ విషయం. ఫొటోకి సైజు తెలీదు. మీ ఫోన్‌లో తాజ్‌మహల్ ఫొటో ఉంది, పక్కనే బజార్లో కొన్న పాలరాతి బొమ్మ తాజ్‌మహల్ ఫొటో ఉంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేస్తే ఏది ఎంత పెద్దదో ఫొటో చెప్పదు. రెండు ఫొటోలున్నా చెప్పవు, రెండు వేలున్నా చెప్పవు. 2006లో వాషింగ్టన్ యూనివర్సిటీ, మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కలిసి "ఫొటో టూరిజం" అనే ప్రాజెక్టు చేశారు. ఇంటర్నెట్‌లో టూరిస్టులు పెట్టిన ఫొటోల నుంచి కట్టడాల త్రీడీ ఆకారం తయారు చేశారు. ఆకారం బ్రహ్మాండంగా వచ్చింది. కానీ ఆ కట్టడం పది మీటర్లా, వంద మీటర్లా? భూమ్మీద ఎక్కడుంది? ఏది పై వైపు? ఇవేవీ ఫొటోల్లోంచి రావు. బయటి నుంచి ఎవరో చెప్పాలి.

ఆ చెప్పేవే గ్రౌండ్ కంట్రోల్ పాయింట్లు. అందరూ జీసీపీ అంటారు. నేల మీద సున్నంతోనో పెయింటుతోనో పెద్ద ప్లస్ గుర్తు వేస్తారు, సర్వే జీపీఎస్ పెట్టి దాని అక్షాంశం, రేఖాంశం, ఎత్తు కొలుస్తారు. ఫొటోల్లో ఆ ప్లస్ కనిపిస్తుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌కి "ఇదిగో, ఈ చుక్క సరిగ్గా ఇక్కడుంది" అని చెప్తాం. గాల్లో తేలుతున్న మోడల్‌ని భూమికి మేకులు కొట్టి బిగించినట్టు. లెక్క ప్రకారం మూడు మేకులు చాలు. స్కేలు ఒకటి, మూడు వైపుల జరపడం, మూడు వైపుల తిప్పడం, మొత్తం ఏడు తెలియని అంకెలు. ఒక్కో పాయింటు మూడు అంకెలు ఇస్తుంది, మూడు పాయింట్లకి తొమ్మిది. సరిపోయింది.

ఇప్పుడు అసలు తిరకాసు. మేకులు కొట్టిన చోట మోడల్ నేలకి అతుక్కునే ఉంటుంది. అతుక్కోవాలనే కదా కొట్టాం. మరి ఆ మేకుల దగ్గరే ఎర్రర్ కొలిచి "చూశారా, ఎంత కరెక్టో" అంటే? పరీక్ష పేపర్ ముందే ఇచ్చేసి, అవే ప్రశ్నలు అడిగి, నూటికి తొంభై ఎనిమిది వచ్చాయని పిల్లాడిని పొగిడినట్టు. మెషీన్ లెర్నింగ్ చేసేవాళ్లకి ఇది వెంటనే వెలుగుతుంది: ట్రైనింగ్ డేటా మీదే టెస్ట్ చేస్తే ఏం తెలుస్తుంది? మోడల్‌కి చూపించకుండా దాచిపెట్టిన పాయింట్లు కొన్ని ఉండాలి. వాటిని చెక్ పాయింట్లు అంటారు. కంట్రోల్ పాయింటు, చెక్ పాయింటు నేల మీద చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి, అదే సున్నం, అదే ప్లస్. ఒకటి మోడల్‌ని కట్టడానికి, రెండోది మోడల్‌ని నిలదీయడానికి.

ఈ ఆలోచన కంప్యూటర్లతో వచ్చింది అనుకుంటున్నారా? కెమెరా కూడా లేని రోజుల్లోనే, మన దక్షిణ భారతంలోనే, ఒకాయన దీన్ని ఎండలో నిలబడి చేసి చూపించాడు.

ఆయన విలియం లాంబ్టన్, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఆఫీసర్. 1802 ఏప్రిల్‌లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర నేల మీద ఒక సరళరేఖ కొలవడం మొదలుపెట్టాడు. పొడవు సుమారు ఏడున్నర మైళ్లు. కొలిచింది దేనితో? వంద అడుగుల ఉక్కు గొలుసుతో. ఆ గొలుసుకి కూడా ఒక కథ ఉంది. బ్రిటిష్ వాళ్లు చైనా చక్రవర్తికి కానుకగా తీసుకెళ్లిన సామాన్లలో అదొకటి. ఆయన వద్దన్నాడు. తిరిగొస్తూ కలకత్తా చేరింది, ఆ తర్వాత లాంబ్టన్ చేతికొచ్చింది. చైనా వద్దన్న గొలుసుతో ఇండియాని కొలిచారన్నమాట.

ఎండకి ఉక్కు సాగుతుంది. అందుకని గొలుసుని చెక్క తొట్లలో పరిచి, కింద స్టాండ్లు పెట్టి, పక్కన థర్మామీటర్లు ఉంచి, వేడికి ఎంత సాగిందో లెక్కగట్టి తీసేసేవాళ్లు. మద్రాసులో, ఏప్రిల్, మే నెలల్లో! మే చివరికి ఆ ఏడున్నర మైళ్లు పూర్తయ్యాయి.

ఇలా కొలిచిన గీతని బేస్‌లైన్ అంటారు. ఆ ఒక్క పొడవు తెలిస్తే చాలు, దాని రెండు చివర్ల నుంచి దూరంగా ఉన్న కొండని చూసి కోణాలు కొలిస్తే త్రిభుజం మిగతా భుజాలు లెక్కలో వచ్చేస్తాయి. ఆ భుజాల మీద ఇంకో త్రిభుజం, దాని మీద ఇంకోటి. మనం టెన్త్‌లో చదివిన ట్రిగనామెట్రీనే. అలా గొలుసు ముట్టకుండా, అర టన్ను బరువున్న థియోడొలైట్‌తో కోణాలు మాత్రమే కొలుచుకుంటూ బెంగుళూరు దాకా వెళ్లారు.

ప్రమాదం ఏంటంటే, ప్రతి త్రిభుజం ముందు దాని తప్పుని మోసుకొస్తుంది. కాగితం మీద అన్నీ చక్కగా కలుస్తాయి, మొత్తం మాత్రం మెల్లగా పక్కకి జరిగిపోవచ్చు. లాంబ్టన్ ఏం చేశాడు? 1804లో బెంగుళూరు దగ్గర ఇంకో బేస్‌లైన్, ఇంకో ఏడు మైళ్లకు పైగా, మళ్లీ గొలుసు వేసి నేల మీద కొలిచాడు. అదే గీత పొడవు మద్రాసు నుంచి త్రిభుజాల లెక్కలో ఎంత రావాలో ముందే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. తేడా నాలుగు అంగుళాల లోపు. ఏడు మైళ్లకి!

ఆ రెండో గీత చెక్ పాయింట్‌కి తాత. త్రిభుజాల గొలుసుకి ఆ గీత ముందు తెలీదు, కాబట్టి దాని సాక్ష్యం విలువైనది. ఆయన అక్కడితో ఆగలేదు. సర్వే ఉత్తరానికి జరుగుతున్న కొద్దీ దారిలో కొత్త బేస్‌లైన్లు వేస్తూనే పోయాడు. 1811లో మన గుత్తి దగ్గర ఒకటి, 1815లో బీదర్ దగ్గర ఒకటి. అనంతపురం వైపు వాళ్లు గుత్తి కోట ఎన్నిసార్లు చూసుంటారో కానీ, ఈ సంగతి ఎంతమందికి తెలుసో నాకు డౌటే. ఆయన చివరి ఏళ్లలో చాలాకాలం హైదరాబాద్‌లోనే ఉన్నాడు. 1823 జనవరిలో ఉత్తరానికి ప్రయాణంలో ఉండగా హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు.

ఇక్కడ ఒక మాట. ఎండలో ఆ గొలుసు పట్టుకున్నవాళ్లు, తొట్లు మోసినవాళ్లు, కొండలెక్కి జెండాలు పాతినవాళ్లు, అడవుల్లో జ్వరాలకి పోయినవాళ్లు ఎక్కువగా మనవాళ్లే. రికార్డుల్లో వాళ్ల పేర్లు చాలా తక్కువ.

లాంబ్టన్ తర్వాత వచ్చినవాడు జార్జ్ ఎవరెస్ట్, అవును, శిఖరానికి పేరు పెట్టింది ఈయనదే. ఈయన పెట్టిన పరీక్షలో ఒక వింత బయటపడింది. మధ్య భారతంలో కల్యాణ్‌పూర్, ఉత్తరాన హిమాలయాలకి దగ్గరగా కలియానా. రెండింటి మధ్య అక్షాంశం తేడాని రెండు దారుల్లో తేల్చారు. ఒకటి త్రిభుజాలతో, రెండోది రాత్రిపూట నక్షత్రాలు చూసి. రెండు జవాబులు కలవలేదు. తేడా ఐదు సెకన్ల కోణం కంటే కొంచెం ఎక్కువ, నేల మీద ఐదు వందల అడుగులకు పైనే. అంగుళాల్లో కొలిచేవాళ్లకి ఐదు వందల అడుగులంటే మామూలు షాక్ కాదు.

చివరికి తేలిందేంటి? హిమాలయాలు తమ బరువుతో తూకపు దారాన్ని కొంచెం తమ వైపు లాగుతున్నాయి. తాపీమేస్త్రీ గోడకి పట్టే తూకంగుండు లాంటిదే. "నిలువు" అనుకున్నది నిలువు కాదు, దాంతో నక్షత్రాల లెక్క తప్పింది. కలకత్తాలో ఉండే ప్రాట్ అనే మతాధికారి, ఆయన గణితంలో దిట్ట, పర్వతాల బరువు ప్రకారం ఎంత లాగాలో లెక్కేశాడు. దాదాపు 16 సెకన్లు రావాలి. వచ్చింది ఐదే. అంటే పర్వతాల కింద ఏదో తేలికగా ఉంది. 1855లో ప్రాట్ పేపర్, దాని వెంటే ఎయిరీ అనే ఖగోళ శాస్త్రవేత్త వివరణ వచ్చాయి. పర్వతాలకి లోపల తేలికైన వేళ్లున్నాయి అన్నాడు ఎయిరీ. భూమి లోపలి నిర్మాణం గురించి ఒక పెద్ద ఆలోచన ఒక సర్వే తేడాలోంచి పుట్టింది. ఆ తేడాని రెండు వైపులా సర్దేసి, రిపోర్టులో సున్నా చూపించి ఉంటే ఇది వచ్చేదా?

సరే, ఇప్పుడు కెమెరా దగ్గరికి వద్దాం. ఇక్కడ కాస్త ఫాస్ట్‌గా వెళ్తాను. ఫ్రాన్స్‌లో లౌసెడా అనే సైనిక ఇంజనీర్ 1850ల్లోనే కెమెరాతో మ్యాపులు గీసే పని మొదలుపెట్టాడు. జర్మనీలో మేడెన్‌బవర్ అనే కుర్ర ఆర్కిటెక్ట్ 1858లో వెట్జ్‌లార్‌లోని పెద్ద చర్చి కొలతలు తీస్తూ పైనుంచి పడిపోబోయి తృటిలో బతికాడు. చేతులతో ఎందుకు, ఫొటో తీసి దాని మీద కొలవచ్చు కదా అని ఆలోచించాడు. "ఫొటోగ్రామెట్రీ" అన్న మాట 1867లో ఆయన వల్లే అచ్చులోకి వచ్చింది. 1901లో జైస్ కంపెనీలో పనిచేసే కార్ల్ పుల్‌ఫ్రిచ్ రెండు ఫొటోలని జంటగా చూసి లోతు కొలిచే యంత్రం తయారుచేశాడు. తర్వాత ఆయనకి ఒక కంటి చూపు పోయింది. రెండు కళ్ల చూపు మీద ఆయన 1922లో వివరించిన ఒక ప్రభావానికి ఈ రోజుకీ ఆయన పేరే ఉంది, దాన్ని ఆయన మాత్రం ఎప్పుడూ చూడలేకపోయాడు.

ఆ తర్వాత విమానాలొచ్చాయి. ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన కథ.

1933. ఎవరెస్ట్ శిఖరం ఇంకా ఎవరూ ఎక్కలేదు. లేడీ హ్యూస్టన్ అనే ధనవంతురాలు డబ్బులిచ్చింది, బీహార్‌లోని పూర్ణియా దగ్గర మైదానం నుంచి రెండు వెస్ట్‌ల్యాండ్ విమానాలు ఎవరెస్ట్ మీదుగా ఎగరడానికి రెడీ అయ్యాయి. రెండు రెక్కల విమానాలు, తెరిచి ఉన్న కాక్‌పిట్, ఆక్సిజన్ గొట్టాలు, కరెంటుతో వేడెక్కే బట్టలు. ఏప్రిల్ 3న ఎగిరాయి. క్లైడ్స్‌డేల్, మెకింటైర్ అనే పైలట్లు శిఖరం మీదుగా వెళ్లొచ్చారు. వెనక సీట్లో సినిమా తీస్తున్న బానెట్ ఆక్సిజన్ గొట్టం మధ్యలో చిట్లింది, జేబురుమాలు చుట్టి ఎలాగో ప్రాణం నిలబెట్టుకున్నాడు. ప్రపంచమంతా చప్పట్లు. ఆ ఫుటేజీతో చేసిన సినిమాకి తర్వాత ఆస్కార్ కూడా వచ్చింది.

కానీ ఆ యాత్రకి ఒక సైంటిఫిక్ పని ఉంది. విమానం అడుగున కెమెరా బిగించి, వరసగా ఒకదాని మీద ఒకటి పడేలా కిందికి ఫొటోలు తీయాలి, దాంతో ఎవరెస్ట్ దక్షిణం వైపు మ్యాపు తయారుచేయాలి. ఆ ఫొటోల వరస ఎక్కడ మొదలవ్వాలి? సర్వే లెక్కల్లో ముందే స్థానం తెలిసిన దిగువ కొండల నుంచి. అక్కడ తెలిసిన గుర్తులు ఫొటోల్లో పడితే, ఒక్కో ఫొటోని ముందు దానికి అతికించుకుంటూ పైకి శిఖరం దాకా మోసుకెళ్లొచ్చు. లాంబ్టన్ త్రిభుజాల్లాగే.

ఆ రోజు కింద దుమ్ము. ఏప్రిల్‌లో ఉత్తర భారత మైదానాల మీద లేచే దుమ్ము పొగమంచులాగా వేల అడుగుల ఎత్తు దాకా కమ్మేసింది. పైన ఆకాశం అద్దంలా ఉంది, శిఖరాలు మెరుస్తున్నాయి, ఫొటోలు అద్భుతం. కింద నేల మాత్రం కనిపించడం లేదు. నేల లేకపోతే ఆ అద్భుతమైన ఫొటోలు దేనికి అతుకుతాయి? ప్రపంచంలో ఎత్తైన చోటు కెమెరాకి చిక్కింది, మ్యాపుకి కావాల్సిన మామూలు గుట్టలు చిక్కలేదు. సర్వే కోణంలో ఆ ఫ్లైటు ఫెయిల్.

యాత్ర అయిపోయింది, వెనక్కి వచ్చేయండి అని లండన్ నుంచి ఒత్తిడి. అయినా సరే, ఏప్రిల్ 19న అదే విమానాలు మళ్లీ ఎవరెస్ట్ వైపు లేచాయి. పర్మిషన్ లేకుండానే! ఈసారి పనికొచ్చే ఫొటోల వరస దొరికింది. మొదటిసారి వెళ్లింది రికార్డు కోసం అనుకుంటే, ప్రాణాలకి తెగించి రెండోసారి వెళ్లింది నేలకి ముడివేసే ఫొటోల కోసం. నా దృష్టిలో అసలు సాహసం ఈ రెండోదే, పేపర్లు మాత్రం మొదటిదాన్నే మోశాయి.

ఆ ఫొటోలు ఊరికే పోలేదు. 1951లో మైఖేల్ వార్డ్ అనే డాక్టర్ లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో వెతుకుతుంటే 1933 నాటి ఫొటోలు, ఆ తర్వాత జరిగిన రహస్య విమానాల ఫొటోలు, వాటి ఆధారంగా వేసిన ఒక మ్యాపు దొరికాయి. దక్షిణం నుంచి దారి ఉండొచ్చని ఆయనకి నమ్మకం కుదిరింది. 1953లో టెన్జింగ్, హిల్లరీ ఎక్కింది దక్షిణం వైపు నుంచే.

అమెరికాలో ఇదే ప్రశ్నకి ప్రభుత్వ నియమం తెచ్చారు. 1941లో వచ్చి 1947లో సవరించిన మ్యాపు ప్రమాణాల ప్రకారం, పరీక్షించిన ఎత్తుల్లో నూటికి పది కంటే ఎక్కువ పాయింట్లు కాంటూర్ అంతరంలో సగానికి మించి తప్పకూడదు. "పరీక్షించిన" అన్న మాట చూడండి. బాగా కనిపిస్తే చాలదు, నేల మీదికి వెళ్లి పరీక్షించాలి. అక్కడి ఫొటోగ్రామెట్రీ సంఘం 2014 ప్రమాణాల్లో కనీసం 20 చెక్ పాయింట్లు అంది, 2023లో దాన్ని 30 చేసింది. సాఫ్ట్‌వేర్ ఇంత తెలివి మీరినా అడిగే సాక్షుల సంఖ్య పెరిగింది.

ఎందుకు పెరిగిందో మన చెరువు చెప్తుంది. పదండి, వెనక్కి వెళ్దాం.

పాత రోజుల్లో సర్వే కెమెరాని ల్యాబులో పెట్టి లెన్స్ ఎంత వంకర చూపిస్తుందో ముందే కొలిచేవాళ్లు. మన డ్రోన్ కెమెరాకి ఆ భోగం లేదు. ఫొటోల నుంచే నేల ఆకారాన్ని, లెన్స్ వంకరని రెండింటినీ ఒకేసారి సాఫ్ట్‌వేర్ ఊహించాలి. డ్రోన్ ఒకే ఎత్తులో, గళ్ల నోటుబుక్కులా గీతలు కొడుతూ, అన్ని ఫొటోలూ నిట్టనిలువుగా కిందికే తీసింది అనుకోండి. కింద నేల చదునుగా ఉంది. అప్పుడు "లెన్స్ కొంచెం ఉబ్బింది" అన్న కథకి, "నేల కొంచెం ఉబ్బింది" అన్న కథకి ఫొటోల్లో తేడా దాదాపు కనిపించదు. లెన్స్ లెక్కలో వచ్చిన చిన్న తప్పు మొత్తం మోడల్‌ని గిన్నె బోర్లించినట్టో, వెల్లకిలా పెట్టినట్టో వంచేస్తుంది. దీన్ని డోమింగ్ అంటారు. 2014లో బ్రిటన్‌కి చెందిన మైక్ జేమ్స్, స్టువర్ట్ రాబ్సన్ దీని మీద మంచి పేపర్ రాశారు. కొన్ని ఫొటోలు ఏటవాలుగా తీస్తే ఈ వంపు బాగా తగ్గుతుందని చూపించారు.

మా చెరువులో ఏం జరిగింది? ఫొటోలన్నీ నిలువుగా. జీసీపీలు ఐదు. ఐదూ కట్ట మీద, ఒడ్డు చుట్టూ. ఎందుకంటే మధ్యలో నెర్రెలిచ్చిన బురద, తుమ్మచెట్లు, మిట్టమధ్యాహ్నం ఎండ. ఎవరు దిగుతారు? మోడల్ అంచులు మేకులకి బిగుసుకున్నాయి, మధ్య పైకి ఉబ్బింది. ఎర్రర్ లెక్కగట్టింది కూడా ఆ ఐదు అంచుల దగ్గరే. అదీ ఆ 1.6 సెంటీమీటర్ల సంగతి. అబద్ధం కాదు, కానీ మేం అడగాల్సిన చోట అడగలేదు.

నేను ఆఫీసుకి ఫోన్ చేసి, ఇంకొక రోజు కావాలి, చెరువు మధ్యలో చెక్ పాయింట్లు కొలవాలి అన్నాను. "క్లయింట్ అడగలేదు కదా, రిపోర్టులో ఎర్రర్ తక్కువే ఉంది కదా, ఒక రోజు ఖర్చు ఎందుకు?" అని జవాబు. అప్పుడు ఒక లెక్క చెప్పాను. 25 ఎకరాలంటే సుమారు లక్ష చదరపు మీటర్లు. సగటున 10 సెంటీమీటర్లు తప్పినా పది వేల ఘనపు మీటర్లు. ఒక టిప్పర్‌కి పది ఘనపు మీటర్లు వేసుకుంటే వెయ్యి ట్రిప్పులు. ఎవరూ తవ్వని, ఎవరూ మోయని వెయ్యి టిప్పర్ల మట్టికి బిల్లు! ఒక రోజు ఇచ్చారు.

పొద్దున్నే ఆరుకి మొదలుపెట్టాం. ఎక్కడెక్కడ కొలవాలో నీరటి కాకానే చూపించాడు. ముందు నీళ్లు నిలిచేచోటు, తూము ముందు పల్లం, ఎప్పుడూ తడవని మెట్ట. చెరువు గర్భంలో పన్నెండు పాయింట్లు. సాయంత్రం మోడల్‌తో పోల్చి చూస్తే ఒడ్డుకి దగ్గరగా తేడా మూడు నాలుగు సెంటీమీటర్లు, లోపలికి వెళ్తున్న కొద్దీ పెరుగుతూ సరిగ్గా మధ్యలో 22. అన్నీ ఒకే దిక్కు, మోడలే ఎత్తుగా ఉంది.

ఇక్కడ చిన్న విషయం, ఎప్పుడైనా మీకు పనికొస్తుంది. రిపోర్టుల్లో ఆర్ఎంఎస్ఈ అని ఒక్క అంకె ఇస్తారు. తేడాలని వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం. ఆ ఒక్క అంకె చూసి ఆగిపోకండి. పది పాయింట్లలో తొమ్మిదింటికి 2 సెంటీమీటర్లు, ఒకదానికి 30 తప్పు ఉంటే ఆర్ఎంఎస్ఈ దాదాపు 9.7 వస్తుంది. పదింటికీ 9.7 చొప్పున తప్పు ఉన్నా అదే వస్తుంది. మొదటి కేసులో ఒక పాయింటు కొలవడంలో ఏదో తేడా జరిగింది, రెండో కేసులో మొత్తం మోడలే జరిగింది. రెండూ ఒకే జబ్బు కాదు. ఒక్కో పాయింటు తేడా ఎంత, ప్లస్సా మైనస్సా, మ్యాపు మీద ఎక్కడ అని చూస్తేనే జబ్బు తెలుస్తుంది. మా చెరువు వంపు అలాగే దొరికింది.

ఎత్తుల్లో ఇంకో గుంట కూడా ఉంది. జీపీఎస్ ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కాదు, భూమికి లెక్కలో ఊహించిన ఒక నున్నటి గుడ్డు ఆకారం నుంచి. రెండింటికీ తేడా మన దక్షిణ భారతంలో సెంటీమీటర్లలో ఉండదు, పదుల మీటర్లలో ఉంటుంది. శ్రీలంకకి దక్షిణంగా హిందూ మహాసముద్రంలో ప్రపంచంలోనే అతి పెద్ద పల్లం ఉంది, అక్కడ సముద్ర మట్టం ఆ ఊహా ఆకారం కంటే వంద మీటర్లకు పైగా దిగువన ఉంటుంది. దాని ప్రభావం మన దాకా ఉంది. అందుకే విశాఖ బీచ్‌లో నిలబడి కొన్ని యాప్‌లలో ఎత్తు చూస్తే మైనస్ చూపిస్తుంది, మీరు సముద్రంలో మునిగిపోయినట్టు. సగం పాయింట్లు ఒక లెక్కలో, సగం ఇంకో లెక్కలో ఇచ్చిన ఫైలు ఒకసారి నా చేతికొచ్చింది. ఆ మోడల్‌లో ఒక ఊరు సగం లోయలో పడింది. అది కనీసం నవ్వు తెప్పించే తప్పు, వెంటనే పట్టేయొచ్చు. ఇరవై సెంటీమీటర్ల తప్పులతోనే భయం.

ఇప్పుడు ఇది మన ఇళ్ల దాకా వచ్చింది. 2020 ఏప్రిల్ 24న కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది. డ్రోన్లతో ఊళ్లలోని ఇళ్ల స్థలాలు కొలిచి ప్రాపర్టీ కార్డులు ఇస్తున్నారు. డ్రోన్ ఫొటోలతో భూముల కొలతలు అన్నిచోట్లా పెరుగుతున్నాయి. రేపు మీ అమ్మానాన్నల స్థలం హద్దు ఇలాంటి మ్యాపులోంచి రావచ్చు. ఎవరైనా "మా మోడల్ రెండు సెంటీమీటర్ల యాక్యురసీ" అంటే కోపం వద్దు, మర్యాదగా మూడు అడగండి. చెక్ పాయింట్లు ఎన్ని? వాటిని మోడల్ కట్టడానికి వాడారా, విడిగా ఉంచారా? అవి అంచుల్లోనే ఉన్నాయా, మధ్యలో కూడా ఉన్నాయా?

మా చెరువు విషయానికొస్తే, మరుసటి వారం డ్రోన్ మళ్లీ ఎగిరింది, ఈసారి కొన్ని వరసలు ఏటవాలుగా. పన్నెండులో ఐదు పాయింట్లని కంట్రోల్‌గా వాడాం, మిగతా ఏడు దాచిపెట్టాం. ఆ ఏడింటి దగ్గర ఆర్ఎంఎస్ఈ 4 సెంటీమీటర్లు వచ్చింది. 1.6 కంటే పెద్ద అంకె. పాత రిపోర్టులో తక్కువ ఉండి కొత్తదాంట్లో ఎందుకు ఎక్కువైందని మీటింగులో అరగంట క్లాసు పడింది నాకు. కొత్త మోడల్‌ని లాప్‌టాప్‌లో నీరటి కాకాకి చూపించాను. మధ్యలో నీలం. కాసేపు చూసి, వేలితో తూము ముందు చోటు చూపించి, "గీడ ఇంకింత లోతుంటది సారూ" అన్నాడు. వెళ్లి కొలిచాం. ఆరు సెంటీమీటర్లు లోతుగానే ఉంది.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. మీ ఊళ్లో పాత సర్వే రాయి ఏదైనా ఉంటే ఫొటో తీసి కామెంట్లో పెట్టండి, పక్కన ఒక స్కేలు పెట్టడం మాత్రం మర్చిపోకండి.